గుమ్మానికి వదిలిన చోటు

రెండువేల పదిహేడో సంవత్సరం, వానాకాలం. ఎవరికైనా అనుమానాలుంటే ముందే అడిగేయండి, మధ్యలో అడ్డం తగిలితే నాకు వరస తప్పుతుంది. ఆ వానాకాలంలో నేను ఇంగ్లీషులో ఒక కథ రాశాను. చిన్నదే. గొప్పగా చెప్పుకోవాల్సిందేమీ కాదు. వాన గురించి. అంతే.

"అంతేనా?" అంది టీకొట్టు అమ్మాయి గ్లాసులు కడుగుతూ.

అంతే అంటే అంతే అని కాదమ్మాయ్. నువ్వు ముందు ఆ మంట తగ్గించు, ఇది ఒక్క టీతో అయ్యే కథ కాదు.

"ఆ ఏడు చుక్క వాన పడలేదు కదా మేస్త్రీ?" అన్నాడు కండక్టరు. రిటైరై ఎన్నేళ్ళయినా కండక్టరు కండక్టరే. ఎవడు నోరు తెరిచినా టిక్కెట్టు తీసుకున్నాడా లేదా అన్నట్టు చూస్తాడు.

ఎలా పడుతుందయ్యా? ఉన్న వానంతా నా కథలోకి వచ్చేస్తే ఇక బయట పడటానికేం మిగులుతుంది?

అసలు మొదట్నించీ చెప్పాలి. నేను తాపీ పనివాణ్ణి. నా చెయ్యి పడని గోడ ఈ వీధిలో లేదు. టైలరూ, నువ్వు వీపు ఆనించింది కూడా నా గోడే, కాస్త నిటారుగా కూర్చో. అక్షరాలు మాత్రం తల నెరిశాకే వచ్చాయి నాకు, రాత్రిబడిలో. మన అక్షరాలు లొంగాయి కదా, ఇక ఇంగ్లీషు సంగతి కూడా తేల్చేద్దామని, పిల్లలు ఇళ్ళకి వెళ్ళాక సాయంత్రం పూట బడిలో నడిపే ఇంగ్లీషు తరగతిలో చేరాను. నా వెనకే మా ఆవిడ. "మీరొక్కరే వెళ్తే అక్కడ ఎవరితో పేచీ పెట్టుకుంటారో" అని వచ్చిందిలే. ఇద్దరం ఒకే బెంచీ. ఇద్దరికీ ఒకే కళ్ళజోడు. ఆమె ఒక పేజీ చదివి తీసి ఇస్తే నేను పెట్టుకుని ఇంకో పేజీ చదివేవాణ్ణి.

"ఇంకో జోడు కొనుక్కోవచ్చుగా బాబాయ్?" అన్నాడు టైలరు.

ఇద్దరి చూపూ ఒకేలా మందగిస్తే రెండో జోడెందుకురా? ఇన్నేళ్ళ కాపురంలో మా ఇద్దరికీ పేచీ లేకుండా కుదిరిందల్లా ఆ చూపొక్కటే. సరే, విను. మా తరగతికి ఏడాది నిండే ఆ వానాకాలంలో టీచరమ్మ ఒక పని అప్పజెప్పింది. సొంతంగా ఒక కథ రాసి తేవాలి, ఇంగ్లీషులో. తెచ్చినవాళ్ళు మేడ మీది గదికి, రెండో ఏడుకి. తేనివాళ్ళు కింద గదిలో మళ్ళీ మొదటి ఏడే. నా గుండె గుభేలుమంది. నా గురించి కాదు! మా ఆవిడ తప్పితే ఎలా అని. ఒకరు పైనా ఒకరు కిందా అయితే బెంచీ విడిపోతుంది, కళ్ళజోడు చూస్తే ఒకటే.

"జోడు ఎవరితో వెళ్తుంది మరి?" అన్నాడు కండక్టరు.

పాసైనవాడితో. అంటే నాతోనే. అందుకే ఆమె కోసం బెంగపెట్టుకున్నాను.

ఆ పనిలో మళ్ళీ మూడు భాగాలు. ముందు ప్రణాళిక. ఏం రాయబోతున్నావు, ఎవరు చదవాలని రాస్తున్నావు, ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ఆపుతావు, అదంతా. తర్వాత కథ. ఆఖర్న ఆత్మపరిశీలన. అనుకున్నదేంటి, రాసిందేంటి, ఏది ఎందుకు మార్చావు, మళ్ళీ రాస్తే ఏం సరిచేస్తావు అని నిన్ను నువ్వే నిలదీసుకోవాలి. తరగతి మొత్తం బిక్కమొహం వేసింది. నేనొక్కణ్ణే నవ్వాను. ప్లాను గీయడం, గోడ లేపడం, నీళ్ళు పట్టి పగుళ్ళు వెతుక్కోవడం, ఇందులో నాకు కొత్తేముంది? జన్మంతా చేసిందదే కదా!

ముందు ప్రణాళిక పట్టుకున్నాను. కాగితం మీద గీత గీసి రసమట్టం పెట్టి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. ఎక్కడ మబ్బు పట్టాలి, ఎక్కడ ఉరమాలి, ఏ పేరాలో చూరు కారాలి, అన్నీ కొలతలతో సహా. కాగితం చాలలేదు, ఇంకోటి అంటించాను. అదీ చాలలేదు, ఇంకోటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ప్రణాళిక గది దాటింది. వరండా దాటింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరో పెద్దవాళ్ళకి తివాచీ పరుస్తున్నారనుకుని చెప్పులు విప్పి పక్కకి నిలబడ్డాడు. అలా పోయి పోయి రోడ్డుకి అడ్డంగా పరుచుకుంటే బస్సాగిపోయింది. నీ బస్సే కండక్టరూ! దిగి, నోరెళ్ళబెట్టి చదివావు.

"నేనప్పటికే రిటైరయ్యాను."

అదే కదా నేను చెప్పేది! రిటైరైనవాణ్ణి కూడా మళ్ళీ బస్సెక్కించింది నా ప్రణాళిక. టీచరమ్మ నడిచి చదవలేక సైకిలు తెప్పించుకుంది. తొక్కుకుంటూ ఆ కొస దాకా చదివి, చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చి, "మేస్త్రీ గారూ, పునాదే ఇలా ఉంటే ఇక ఇల్లెలా ఉంటుందో!" అంది.

"ఎలా ఉంది? కథ ఎలా మొదలవుతుంది బాబాయ్, ఒక్క ముక్క చెప్పు" అన్నాడు టైలరు.

తొందరెందుకురా? నీ దగ్గరికి చొక్కా కుట్టించుకోడానికి వచ్చినవాడికి ముందే బొత్తాలు చేతిలో పెడతావా? వరసనేది ఒకటుంటుంది. గోడ కట్టేవాడు గుమ్మం దగ్గరికొచ్చాడనుకో, వడ్రంగి ఇంకా ద్వారబంధం తేలేదనుకో, ఏం చేస్తాడు? చేతులు కట్టుకుని కూర్చుంటాడా? కలిపిన సిమెంటు గట్టిపడిపోతుంది. గుమ్మానికి చోటు వదిలేసి అవతలి గోడ లేపుకుంటూ పోతాడు. ద్వారబంధం ఎప్పుడొస్తే అప్పుడు దింపుతారు. నేనూ అంతే. కథకి చోటు వదిలేసి ముందు ఆత్మపరిశీలన లేపేశాను. కట్టబోయే ఇల్లు కళ్ళ ముందు కనిపిస్తుంటే దాని బాగోగులు ముందే చెప్పడానికేం?

"కట్టని ఇంటికి పగుళ్ళు వెతికావా?" అన్నాడు కండక్టరు.

వెతికాను, ఒక్కటీ దొరకలేదు. అదే రాశాను కూడా. ఇక అప్పజెప్పే రోజు వచ్చింది. టీచరమ్మ కుర్చీలో కూర్చుని నా కథ తీసింది. మొదటి వాక్యానికి తుమ్మింది. రెండో వాక్యానికి చేతిసంచి తీసి నెత్తిన పెట్టుకుంది. మూడో వాక్యానికి పైకప్పు కారడం మొదలెట్టింది.

"ఆ పైకప్పు వేసింది నువ్వే కదా మేస్త్రీ?"

నేను వేసిన పైకప్పు మామూలు వానకి కారదు కండక్టరూ. అది కారిందంటే ఎలాంటి వానో నువ్వే ఊహించుకో. పేరా మారేసరికి మోకాళ్ళ లోతు నీళ్ళు. పేజీ తిప్పేసరికి బెంచీలు తేలిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? హెడ్మాస్టరు గారు నల్లబల్ల మీద కూర్చుని డస్టరుతో తెడ్డేసుకుంటూ వరండాలో పోతున్నారు. "ఎవరైనా ఆఖరి పేజీ తియ్యండయ్యా, అక్కడైనా ఎండ కాసిందేమో చూడండి!" అని ఒకటే కేకలు. ఎండ ఉంది, నా ప్రణాళికలో ఆఖరి పేరాలోనే ఉంది. కానీ ఆ కాగితం తడిసి అట్టకి అతుక్కుపోయింది. ఎవరికీ ఊడిరాదు. చివరికి నేనే ఈదుకుంటూ వెళ్ళి, గోరుతో లేపి, నోటితో ఊది ఆరబెట్టి, గొంతెత్తి చదివాను. ఫెళ్ళున ఎండ కాసింది! బట్టలారేసుకోడానికి వీధి వీధంతా ఎగబడింది.

"నాకు చెప్పలేదేం పెదనాన్నా? దుప్పట్లు ఉతుక్కునేదాన్ని" అంది టీకొట్టు అమ్మాయి.

సంగతి ఇంగ్లీషువాళ్ళ దాకా పోయింది. వాళ్ళకి వానంటే కొత్తా? పుట్టినప్పట్నించీ తడుస్తున్న జనం. అలాంటివాళ్ళు కబురు పెట్టారు, "అయ్యా, తరతరాలుగా తడుస్తున్నాం గానీ ఇంతలా ఏనాడూ తడవలేదు. మా భాషలో ఇంత నీరుందని మాకే తెలీదు. మీ దగ్గరికొచ్చి నేర్చుకుంటాం" అని. సాయంత్రం తరగతిలో బెంచీలు ఖాళీ లేవు, వచ్చే ఏడు చూద్దాంలే అన్నాను.

"అన్నీ బాగున్నాయి బాబాయ్. ఆ మొదటి వాక్యం ఒక్కటి చెప్పేస్తే..."

తుమ్ములొస్తాయిరా! పైకప్పు లేని చోట కూర్చున్నాం. కుట్టమని జనం ఇచ్చిన గుడ్డలన్నీ నీ పక్కనే మూటగట్టి ఉన్నాయి, తడిస్తే ఎవరికి చెప్పుకుంటావు? నీ మేలు కోరే చెప్పడం లేదు, అంతేగానీ నాకు రాకనా?

కథదేముంది, అసలు మహిమ ఆత్మపరిశీలనది. అది చదివినవాడు చదివినట్టే తన తప్పులు బయటపెట్టడం మొదలెట్టాడు. చిన్నప్పుడు పక్కపిల్ల లెక్కలు చూసి రాశానని టీచరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బడి సుద్దముక్కలు జేబులో వేసుకెళ్ళి ఇంటి గోడ మీద పాలలెక్క రాసుకుంటున్నానని హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. వాచ్‌మన్ చదవనైనా లేదు, పక్కన నిలబడ్డ పాపానికే, కాపలా అంతా కుర్చీదే, తనది నిద్రేనని చెప్పేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడ మీది గడియారం ఉంది చూశావా, సాయంత్రాలు మెల్లిగా నడుస్తున్నాను, మన్నించండి అంటూ ముళ్ళు రెండూ జోడించింది.

"గడియారమా!" టైలరు ఆవులింత మధ్యలో ఆపేశాడు.

గడియారమే. సాక్ష్యం కావాలా? మిట్టమధ్యాహ్నం వెళ్ళి చూడు. ఇప్పటికీ ముళ్ళు జోడించి దండం పెడుతూనే ఉంటుంది.

కండక్టరు టీ చప్పరించడం ఆపాడు. "సరే మేస్త్రీ. అంత వాన కురిపించినవాడివి మేడ మీదికి వెళ్ళాలి కదా? మొన్న కిటికీలోంచి చూశాను, కింద గదిలోనే కూర్చుని ఉన్నావు."

మంచి ప్రశ్న. ఇల్లు కట్టినవాడినే అడగాల్సిన ప్రశ్న. నన్ను పైకి రమ్మనలేదనుకున్నావా? కాళ్ళావేళ్ళా పడ్డారు. రెండో ఏడేంటి, ఏకంగా టీచరు కుర్చీయే ఎక్కమన్నారు. నేనే ఒప్పుకోలేదు. కింద గోడ గట్టిగా లేకపోతే మేడ నిలుస్తుందా? నేను పైకెళ్తే మేడ కిందికొస్తుంది. భారం మోసేవాడు ఎప్పుడూ కిందే ఉండాలయ్యా.

"ఎవరి భారం ఎవరు మోస్తున్నారూ?"

వెనక మా ఆవిడ. పైగది తరగతి అప్పుడే వదిలినట్టుంది. చంకలో పుస్తకం, ముక్కు మీద కళ్ళజోడు. టీకొట్టు అమ్మాయి స్టూలు తుడిచి వేసింది. నేను ఇక లేద్దామా అన్నాను. ఎవరూ లేవలేదు.

"పిన్నీ, బాబాయ్ రాసిన వాన కథ మొదటి వాక్యం నువ్వైనా చెప్పు" అన్నాడు టైలరు.

"వాన కథా?" మా ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ప్రణాళిక రాశారు నాయనా. బాగా రాశారు, అబద్ధమాడకూడదు. ఆత్మపరిశీలన అయితే ఇంకా బాగా రాశారు. కథ అద్భుతంగా కుదిరిందనీ, మళ్ళీ రాయమన్నా ఒక్క అక్షరం మార్చననీ. రెంటికీ మధ్యలో తెల్లకాగితాలు పెట్టారు. ఇదేంటండీ అంటే గుమ్మానికి చోటు వదిలానే, ద్వారబంధం వచ్చాక దింపుతాను అన్నారు. అప్పజెప్పే రోజు వచ్చింది. ద్వారబంధం రాలేదు. ఆ తెల్లకాగితాలతోనే కుట్టి ఇచ్చేశారు."



"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" అన్నాడు టైలరు. కండక్టరు టీ పొలమారి దగ్గాడు. టీకొట్టు అమ్మాయి గిన్నె చాటున మొహం దాచుకుంది.

"ఎందుకురా ఇకిలింపు?" అన్నాను. "గుమ్మమంటేనే ఖాళీ చోటు. ఆ ఖాళీ లేకపోతే లోపలికెలా పోతావు?"

"టీచరమ్మ కూడా అదే అంది" అంది మా ఆవిడ. "గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాను మేస్త్రీ గారూ, అవతల పెరట్లో తేలాను, ఇల్లెక్కడా తగల్లేదు అని."

"మరి నువ్వేం రాశావమ్మా?" అని అడిగాడు కండక్టరు.

"నాకేం వచ్చు అన్నయ్యా? ఒక పేజీ కూడా లేదు. ఒక ఇంట్లో ఇద్దరు ముసలాళ్ళుంటారు, ఒకటే కళ్ళజోడు ఉంటుంది. ఒకరు చదువుతుంటే ఇంకొకరు వింటారు. అంతే."

"అంతేనా?" అంది టీకొట్టు అమ్మాయి.

"అంతే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ కథలో ఇల్లు కట్టింది నేనేనని వాళ్ళకి గుర్తుచేశాను. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనేనని కూడా చెప్పాను. మా ఆవిడ టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని లేచింది. ఆమె పుస్తకం నేను పట్టుకున్నాను.

ఆమె రెండో ఏడు మేడ మీద చదివింది, కళ్ళజోడుతో. నేను మొదటి ఏడు మళ్ళీ చదివాను. ఆ ఏడాదంతా కింద గదిలో నా పాఠాలు పక్క బెంచీవాళ్ళు చదివి వినిపించారు.