మెడ దాకా గుండీలు

మర్నాడే నాటకం. దుస్తుల గదిలో కుట్టుపనామె రాజుగారి అంగీ ఒళ్ళో పెట్టుకుని గుండీలు కుడుతోంది. రాజు వేషం కట్టే నటుడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, మూడో అంకంలో రాజుకి మతి చెడుతుంది. అంగీ చింపిపెట్టమంటే గుండీలు కుడుతున్నావేంటి?"

"అంగీ చిరిగితేనే మతి చెడినట్టా?"

"ఇన్నేళ్ళుగా అందరూ అలాగే వేస్తున్నారు కదా."

"మా తమ్ముడికి ఆ జబ్బు చేసినప్పుడు ఒక్క చొక్కా చింపుకోలేదు. ఎంత ఉక్కపోసినా మెడ దాకా అన్ని గుండీలూ పెట్టుకునేవాడు. ఒక్కటి ఊడినా తనలోంచి ఏదో జారిపోతుందని వాడి భయం."

"మరి చేతులు ఎక్కడుండేవి?"

"ఒక చెయ్యి ఎప్పుడూ పై గుండీ మీదే. మాట్లాడుతున్నంతసేపూ తడుముకుంటూనే ఉండేవాడు."

నటుడు ఆమె ఒళ్ళోంచి అంగీ తీసుకుని తొడుక్కుని, మెడ దగ్గరి గుండీ మీద చెయ్యి వేశాడు. "ఇలాగా?"

"అంత గట్టిగా కాదు. నిద్రపోయే పసిపిల్లని తడిమినట్టు."

"ఇలా?"

"ఊఁ. అలాగే."

"ఇప్పుడెలా ఉన్నాడక్కా?"

"మందులు వేసుకుంటున్నాడు. కుదుటపడ్డాడు. రేపు ముందు వరసలోనే కూర్చుంటాడు."

"అయ్యో, అతను చూస్తుండగా నేనిలా ఎలా చెయ్యను?"

"చింపొద్దని చెప్పింది వాడేనయ్యా. నువ్వు తడుముతున్నావే, ఆ గుండీ వాడే కుట్టాడు."