నలభై ఒక్క డౌన్‌లోడ్లు

ఆఫీసు మెట్ల మీద అక్కా తమ్ముడూ టీ తాగుతున్నారు. కోడ్‌ను ప్రోగ్రాముగా కూర్చే బిల్డ్ టూల్‌కు తగిలించుకునే ప్లగిన్లు ఎవరు రాసినా అందరూ వాడుకునేలా ఇద్దరూ ఆన్‌లైన్‌లో ఒక ఉమ్మడి గిడ్డంగి లాంటి రిపాజిటరీ తెరిచి వారమైంది.

"అక్కా, నా ప్లగిన్‌ని అప్పుడే నలభై ఒక్కసార్లు దించుకున్నారు! మొదటి పేజీలో 'జనం మెచ్చినది' అని పెట్టేశాను."

"జనం ఎవర్రా? ఎవరెవరు దించుకున్నారో లాగ్‌లో చూశాను. నలభైసార్లు దించుకున్నది ఆ టూల్‌ని తనంతట తానే నడిపే మన బిల్డ్ మెషీనే."

"మరి ఆ మిగిలిన ఒక్కరూ?"

"నేనే. నువ్వు మొహం మాడ్చుకుంటావని."

"పోనీ, మెషీన్‌కైనా నచ్చిందిగా! నచ్చకపోతే నలభైసార్లు ఎందుకు దించుకుంటుంది?"

"నడవక. ఫెయిలైన ప్రతిసారీ మళ్లీ కొత్తగా దించుకుని చూస్తోంది. పాపం, నీ మీద ఇంకా ఆశ వదులుకోనిది అదొక్కటే."