మఫ్తూన చేయి

నా పేరు హోజర్ ఎర్గషోవా. వయసు డెబ్బై ఒకటి. జలాలాబాద్ కొండల్లోని మా ఊరి బడిలో వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. నా మీద మీకు ఫిర్యాదు చేసిన సలామత్ నా ఆడపడుచు, పక్కిల్లే.

నౌరోజ్ పండుగకు సుమలక్ అనే గోధుమ మొలకల పాయసం వండాలంటే ముందు గోధుమలు మొలకెత్తాలి. మా ఇంట్లో ఆ పని కోడలిది. మార్చి పదో తేదీ ఉదయం నా కోడలు మఫ్తూన గోధుమలు కడిగింది. మా కుళాయి గడ్డకట్టింది. సలామత్ బకెట్టుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. "రంగుగా ఉన్నాయేంటత్తా?" అని మఫ్తూన అడగడం నేను విన్నాను. "కరిగిన మంచు నీళ్లే పిల్లా, అలాగే ఉంటాయి. పోసెయ్" అంది సలామత్.

గోధుమలు మొలవలేదు. ఒక్క గింజా మొలవలేదు. పదిహేనో తేదీన వాడకట్టు ఆడవాళ్లందరి ముందు సలామత్ పళ్లెం ఎత్తి చూపించింది. "దీని చేయి మంచిది కాదు. నాలుగేళ్లుగా కడుపు పండలేదు, ఇప్పుడు గోధుమా మొలవలేదు" అంది. నా కొడుకు రవ్‌షన్ ఆ రోజే భార్యను పుట్టింట్లో దింపి వచ్చాడు. వాడిని కన్నది నేనే. అది కూడా రాసుకోండి.

నేను అదే సంచిలోని గోధుమలు రెండు పళ్లేల్లో పోశాను. ఒకదానికి ఊట నీళ్లు. ఇంకోదానికి సలామత్ వసారాలో ఉన్న ఆ బకెట్టు నీళ్లు. అడుగున అక్రోటు ఆకులున్నాయి. ఊలుకు రంగు వేయడానికి ఆమె నానబెట్టుకున్నవి. మొదటి పళ్లెం పచ్చబడింది. రెండోది కుళ్లింది.

ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం ఆమె వసారాలోనే రెండు పళ్లేలూ ఆమె ముందు పెట్టాను.

"బడి మానేశావు కదా వదినా, ఇంకా పాఠాలెందుకు?" అని నవ్వింది.

"అక్రోటు చెట్టు కింద ఉల్లినారు బతకదని ఊరందరికీ చెప్పేది నువ్వే కదే. తెలిసే ఇచ్చావా?"

"తెలిస్తే ఏం? ఎలాగూ పోవాల్సిందేగా అది. నీ వంశం కోసమే చేశాను."

అప్పుడు ఆ బకెట్టు ఎత్తి ఆమె నెత్తిన పోశాను. తెల్ల రుమాలు, ముఖం, చేతులు గోధుమరంగుకు తిరిగాయి. ఆ మరక రోజుల తరబడి పోదు. ఎవరి చేయి మంచిది కాదో ఇప్పుడు వాడకట్టంతా చూస్తుంది.

రుమాలు ఖరీదు ఇస్తాను. క్షమాపణ చెప్పను. పచ్చబడిన పళ్లేన్ని రోజూ తడుపుతున్నాను. రవ్‌షన్ దాన్ని మోసుకుంటూ, భార్యను తీసుకురావడానికి అత్తగారింటికి నడిచి వెళ్లాలి, ఆ ఆడవాళ్లందరూ చూస్తుండగా. అంతవరకూ వాడికి నా ఇంట్లో రొట్టె లేదు.

ఇన్‌స్పెక్టర్ నా దగ్గర చదువుకున్నవాడు. నా మీద జాలిపడి "నీళ్లు ఒలికాయి" అని రాశాడు. కొట్టేయించి "పోశాను" అని రాయించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, చెప్పిందంతా జరిగినట్టే ఉంది. వేలిముద్ర అక్కర్లేదు, నాకు చదువు వచ్చు. కాగితం మీది గోధుమరంగు మరక మాత్రం నా వేళ్లదే.

(సంతకం) హోజర్ ఎర్గషోవా