గడియారాలాయన వెంట వచ్చే ఆవిడ

ఆగాగు, ఆ సీసా ముందు ఇటు తే. ఏం నూనె అది? గడియారాల నూనేనని ఎవడు చెప్పాడు, మూల మీద షాపువాడా? వాడు చెబితే నువ్వు నమ్మేశావా? మూత తియ్యి, వాసన చూడనీ. ఊఁ... వంటనూనె అయితే కాదులే. అయినా రెండు వేళ్ల మధ్య రుద్ది చూడు, జిగురుగా ఉందా? లేదుగా. సరే. ఇంతకీ ఉన్నట్టుండి ఈ గోడగడియారం మీద నీకింత ప్రేమెందుకు పుట్టుకొచ్చిందిరా? అమ్మేద్దామనా? నవ్వకు. మీ నాన్న కూడా ఇలాగే నవ్వుతూ నవ్వుతూ నా కుట్టుమిషను మాయం చేశాడు. నేనిక్కడే కూర్చుంటాను, నువ్వు నా కళ్లముందే చెయ్యి. ఆఁ, ఆ చక్రాల పళ్లకి పూయకూడదు! ఇరుసు పోయి రేకులో దూరుతుంది చూడు, అదిగో ఆ చిన్న గుంట, అక్కడ తీగ కొనతో చుక్క తాకించాలి, అంతే. ఎక్కువ పోశావంటే దుమ్మంతా పట్టి మడ్డయి కూర్చుంటుంది. నాకెలా తెలుసా? గడియారాలాయన చేస్తుంటే మా అత్తగారి పక్కన నిలబడి చూశాను కాబట్టి. చూడ్డమేమిటిలే, కాపలా కాశాను.

అప్పట్లో ఇంటింటికీ వచ్చేవాడు ఒకాయన. గోడగడియారాలు దింపి, విప్పి, తుడిచి, నూనె పెట్టి, మళ్లీ తగిలించి పోవడం ఆయన పని. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా మడిచి. పేరు ఎవరడిగారు, అందరికీ గడియారాలాయనే. మనిషి చూడ్డానికి మంచివాడు. అదే మా అత్తగారికి గిట్టేది కాదు. "మరీ అంత మంచివాడిలా కనిపించాల్సిన అవసరం ఏమొచ్చిందే వాడికి?" అనేది నాతో. ఆవిడ సంగతి నీకు తెలీదు. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనేది, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడనేది. వీధిలో చాటుగా ఇనస్పెక్టరమ్మ అని పేరు పెట్టుకున్నారు. నాకూ ఆ బుద్ధే అబ్బిందని మీ తాత ఏడిపించేవారు. అబ్బితే అబ్బింది, ఈ ఇంట్లో ఒక్క చెంచా పోలేదు తెలుసా! ఏదీ, ఏం చెబుతున్నాను... ఆఁ, గడియారాలాయన. అసలు మా అనుమానం ఆయన మీద కూడా కాదురా. ఆయన వెంట వచ్చే ఆవిడ మీద. ఆయన పెళ్లాం మీద.

నువ్వే చెప్పు, ఏ పనివాడైనా పెళ్లాన్ని వెంటేసుకుని పనికి వస్తాడా? కుళాయి బాగుచేసేవాడు తెస్తాడా? ఈయన మాత్రం ఏ ఇంటికెళ్లినా ఆవిడ పక్కన ఉండాల్సిందే. పోనీ సాయం చేస్తుందా అంటే అదీ లేదు. స్క్రూ పట్టుకోదు, గుడ్డ అందించదు. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంటుంది. టీ ఇస్తే తాగుతుంది, అడిగితే ముక్తసరిగా జవాబు చెబుతుంది. ఆయన నూనె పెట్టడం అయిపోయి గడియారం గోడకి తగిలించగానే మటుకు టక్కున లేచేది. లేచి ఎదురుగోడకి ఆనుకుని నిలబడేది. ఆయన లోలకాన్ని వేలితో ఒక్కసారి కదిపి, గడియారం వంక కాదు, ఆవిడ మొహం వంక చూసేవాడు! ఆవిడ కళ్లు ఇటు తిప్పేది. ఆయన పెట్టె కింది అంచు పట్టుకుని కాస్త జరిపేవాడు. మళ్లీ చూసేవాడు. ఆవిడ కళ్లు అటు తిప్పేది. చివరికి గడ్డం చిన్నగా దించేది, అంతే, ఆయన చేతులు తుడుచుకునేవాడు. ఇదంతా నోటమాట లేకుండా!

మా అత్తగారు నా జబ్బ మీద గిల్లింది, ఇంతలావు గిల్లుడు. వాళ్లటు వెళ్లగానే వంటింట్లోకి లాక్కుపోయి, "చూశావా సైగలు?" అంది. "ఎడమవైపు చూసింది. ఎడమవైపు ఏముంది? బీరువా ఉన్న గది. తర్వాత కుడివైపు చూసింది. కుడివైపు పెరటి తలుపు. గడ్డం కిందికి దించింది, అంటే పని అయిపోయిందని. ఇల్లు మొత్తం లెక్క తీసుకుని పోయారే వాళ్లు!" అంది. నవ్వుతున్నావు గానీ, ఆ మాట నీకు చెప్పి ఉంటే నువ్వూ నమ్మేవాడివే. నేను నమ్మాను. ఇంకో విషయం, ఆయన వెనకనించి పిలిస్తే పలికేవాడు కాదు. "ఏమయ్యా, ఏమయ్యా" అని మా అత్తగారు గొంతు చించుకున్నా తిరిగి చూసేవాడు కాదు. ఎదురుగా వెళ్లి అడిగితే మాత్రం ఎంతో మర్యాదగా జవాబు చెప్పేవాడు. "చూశావా పొగరు, వినపడనట్టు నటిస్తాడు," అనేది ఆవిడ. సరిగ్గా అప్పుడే వెనక వీధిలో టైలరు ఇంట్లో దొంగలు పడ్డారు. పడకముందు వారం వాళ్లింటి గడియారానికి నూనె పెట్టింది ఎవరనుకున్నావ్? ఈయనే. నన్నడిగితే అది ఆ టైలరు బావమరిది పనే, ఇప్పటికీ అదే అంటాను, దొంగతనం అయిన నెలకే వాడు కొత్త సైకిలు కొన్నాడు. కానీ ఆ రోజుల్లో మా అత్తగారి ముందు బావమరిది పేరెత్తే ధైర్యం ఎవరికుంది?

తర్వాతసారి వాళ్లు వచ్చినప్పుడు మా అత్తగారు గుమ్మంలోనే కాలు అడ్డం పెట్టినంత పని చేసింది. "పని చేసేది మీ ఆయనేగా, నువ్వు బయటే ఉండమ్మా," అంది. ఆయన పెళ్లాం మొహం పాలిపోయిందిరా. "నేను కూడా ఉండాలండీ," అంది. "ఎందుకుండాలి?" అంటే, "ఉండాలండీ" అనే మాటే మళ్లీ అంది. "అదుగో, చెప్పలేకపోతోంది!" అన్నట్టు మా అత్తగారు నా వంక చూసి కళ్లెగరేసి, ఆవిణ్ణి వరండాలో వదిలేసి తలుపేసి గడియ పెట్టింది. ఆయన అప్పటికే లోపల గడియారం దింపుతున్నాడు. పని చేస్తున్నంతసేపూ తలుపు వంక చూస్తూనే ఉన్నాడు. చెమటలు పట్టాయి. నాకైతే ఇంక అనుమానమే లేదు, దొరికిపోయాడు దొంగ అనుకున్నాను.

నూనె పెట్టాడు, మూత బిగించాడు, గోడకి తగిలించాడు. లోలకం కదిపి అరచెయ్యి పెట్టె మీద ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. గడియారం కుంటుతోంది. అంటే, టిక్ టక్, టిక్ టక్ అని సమంగా రావాలి కదా, అలా కాకుండా టిక్... టక్‌టిక్... టక్‌టిక్... అని. చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది. ఆయన మాత్రం చెయ్యి తీసి మావైపు తిరిగి, "విన్నారా అమ్మగారూ, గుర్రంలా పరిగెడుతోంది!" అన్నాడు నవ్వుతూ. అంటుండగానే వెనకాల అది ఆగిపోయింది. గదిలో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. ఆయన అలాగే నవ్వుతూ చేతులు తుడుచుకుంటున్నాడు. మా అత్తగారు మాత్రం, ఇనస్పెక్టరమ్మ కదా, మెల్లిగా నడుచుకుంటూ ఆయన వెనక్కి వెళ్లి, బల్ల మీద ఉన్న స్టీలు పళ్లెం తీసి ఫెళ్లున నేలకేసి కొట్టింది. నేను ఎగిరిపడ్డాను. ఆయన రెప్ప కూడా వెయ్యలేదు. తలుపు అవతలనించి ఆవిడ దబదబా బాదుతోంది, "కుడివైపుకి... కుడివైపుకి జరపమనండమ్మా, కొంచెం కుడివైపుకి!" అని. వరండాలోంచి కుంటడం వింది రా ఆవిడ. ఆయనకి చెవి ఆవిడే. అన్నాళ్లూ మేము చూసిన సైగలు అవి.

అత్తగారిని అడక్కుండానే నేనే వెళ్లి గడియ తీశాను. ఆవిడ మమ్మల్ని చూడనే లేదు. సరాసరి ఆయన ఎదురుగా వెళ్లి నిలబడి, "ఇప్పుడే ఆగింది" అని పెదాలతో మెల్లిగా చెప్పింది. ఆయన వెనక్కి తిరిగి చూసి, "అరె, నూనె ఇంకా పట్టలేదేమో," అన్నాడు. ఆవిడ ఎదురుగోడకి ఆనుకుని కళ్లు కుడివైపు తిప్పింది. ఆయన జరిపాడు. చక్కగా నడిచింది. వెళ్లేటప్పుడు ఆయన్ని ముందు నడవనిచ్చి గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి. "మీకు తెలిసిపోయిందని ఆయనకి తెలీదమ్మా. ఎవరికీ చెప్పకండి. వినపడదని తెలిస్తే ఎవరూ పిలవరు. పని పోతే ఆ మనిషి బతకడు," అంది. నేను చెప్పనన్నాను. చెప్పలేదు కూడా. కానీ మా అత్తగారి నోట్లో నువ్వుగింజ నానుతుందా? దొంగ కాదని తేలినందుకు ఆవిడకి ఉక్రోషం. సాయంత్రం లోపల వీధి వీధంతా తెలుసు, "చెవిటివాడట, చెవిటివాడు గడియారాలు బాగుచేస్తాడట, ఎన్నాళ్లనించో మనందరినీ ఎలా మోసం చేశాడో చూడండి!" అని.

ఆ తర్వాత మళ్లీ వచ్చాడు, పక్కన ఆవిడ. మొదటి ఇంటి తలుపు కొట్టారు. ఆ ఇంటావిడ తలుపు తీసి, ఆయన మొహం మీద చక్కగా నవ్వుతూ, "మా గడియారం బాగా నడుస్తోందయ్యా, ఇప్పుడేం అక్కర్లేదు," అంది. తలుపు వెయ్యకముందే లోపలికి తిరిగి, "ఆ చెవిటాయన మళ్లీ వచ్చాడు," అని అరిచింది. ఆయన చూసింది నవ్వునే. పక్కింట్లోనూ అంతే. ఆ పక్కింట్లోనూ అంతే. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మా ఇంటి దాకా రాకముందే మా అత్తగారు కిటికీ మూసెయ్యమంది, నేను మూయలేదు. వీధి చివరికంటా వెళ్లి వెనక్కి తిరిగారు. వినపడనివాళ్లు గట్టిగా మాట్లాడతారు కదా, ఆయన మాట వీధంతా వినపడింది. "చూశావుటే, ఒక్క గడియారం పాడవలేదట! నా చెయ్యి పడితే అలా ఉంటుంది మరి!" అంటున్నాడు, అదేదో పెద్ద ఘనకార్యం చేసినట్టు మురిసిపోతూ. ఆవిడ ఆయనకి కనపడేలా ముందుకొచ్చి నిలబడి, అవునని తలూపింది. నవ్వుతూ ఊపింది రా.

...ఏమీ లేదు. నువ్వు పని కానియ్. ఆ గుడ్డ ఎక్కడిది, నా కొత్త తువ్వాలు కాదు కదా?