లాగ్‌లో లేని పదకొండు నిమిషాలు

మళ్లీ సంతకమేనా అక్కా? పొద్దుట్నించి ఇది నాలుగోది. లాగ్ కాపీ మీద సంతకం, దాని జెరాక్సు మీద సంతకం, ఆ జెరాక్సు నిజమైనదేనని ఇంకో సంతకం. ఈ ఆస్పత్రిలో జబ్బులకన్నా కాగితాలే ఎక్కువ పీడిస్తాయి. కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. ఇటు కూర్చోండి.

ఏదీ, ఇలా ఇవ్వండి.

అయ్యో! మీరు సంతకం పెట్టేశారా?

“నా పొరపాటు వల్లే జరిగి ఉండవచ్చు.” ఎవరు రాయించారిది? విచారణ కమిటీ వాళ్లా? ...మీరే రాశారా! ఎందుకక్కా?

ఏంటీ, కంప్యూటర్లో పేరు కనపడుతుంటే కాదని ఎలా అంటామంటారా? ఇరవై రెండేళ్ల నర్సు ఉద్యోగం మీది. మీ చేతుల్ని మీరే అనుమానించుకుంటున్నారన్నమాట, నేను రాసిన నాలుగు లైన్ల ప్రోగ్రాముని నమ్మి. నవ్వొస్తోంది. ఏడుపూ వస్తోంది.

అసలు కంప్యూటర్లో నేను పెట్టిన ఆ ట్రిగ్గర్ ఏంటో తెలుసా మీకు? బ్రహ్మవిద్యేం కాదు. పేషెంటు రికార్డులో ‘పడని మందులు’ అని ఒక గడి ఉంది చూశారా, దాన్ని ఎవరు మార్చినా సరే, అంతకుముందు ఏముండేదో, మార్చిందెవరో, ఎన్నింటికి మార్చారో దానంతటదే పక్క పట్టికలో రాసిపెడుతుంది, ఆ పట్టికే లాగ్. పెద్ద డాక్టరుగారు మీటింగులో నా భుజం తట్టారు కూడా, ఇక ఎవరూ తప్పించుకోలేరోయ్ అని. నేనూ పొంగిపోయాను.

కొత్తగా ఏం రాశారో మాత్రం అందులో రాయించలేదు నేను. అది గడిలోనే ఉంటుంది కదా, రెండుసార్లెందుకని నా పిసినారితనం.

అందుకే ఇప్పుడు కమిటీకి ఎలా కనపడుతోందంటే... ముందు ‘పెన్సిలిన్’ అని ఉండేది. మీరు మార్చారు. ఇప్పుడు గడి ఖాళీ. అంటే మీరే చెరిపేశారు! ఆ ఖాళీ చూసే డ్యూటీ డాక్టరు ఆ పిల్లకి పెన్సిలిన్ పొడిచాడు. ఎనిమిదేళ్ల పిల్ల. మొహమంతా వాచిపోయి, మూడు రోజులు ఐసీయూలో... బతికి బయటపడింది కాబట్టి సరిపోయింది.

మీరు ఆ రోజు ఏం రాశారో గుర్తుందా? లేదు కదూ. వార్డులో అంతమంది, ఏమని గుర్తుంటుంది? నేను చెబుతాను. “పెన్సిలిన్ పడదు. సల్ఫా మందు సంగతి తల్లికి తెలీదు, మళ్లీ అడగాలి.”

అలా చూడకండి. నాకెలా తెలుసో చెబుతాను. ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తారా? వద్దులెండి, ఉండనివ్వండి.

మీరది రాసిన రెండు వారాలకి ఆ గడులన్నీ శుభ్రం చెయ్యమన్నారు నన్ను. ఒకరు ‘లేదు’ అని, ఒకరు ‘తెలీదు’ అని, ఇంకొకరు ఉత్త అడ్డగీత... అంతా కలగాపులగం. సరే, ‘తెలీదు’ అన్న మాట ఎక్కడ కనపడినా ఆ గడి ఖాళీ చేసెయ్యమని కంప్యూటర్‌కి రాశాను. ఆ మాట ఒక్కటే ఉందా, పక్కన ఇంకేమైనా ఉందా అని చూడమనలేదు. నలభై వేల రికార్డులు. ట్రిగ్గర్ నడుస్తుంటే నలభై వేల సార్లూ రాసుకుంటూ కూర్చుంటుంది. కౌంటర్ల దగ్గరేమో జనం బారులు తీరి ఉన్నారు, సిస్టమ్ ఆగిపోతే నన్ను నిలువునా పాతేస్తారు. అందుకని ట్రిగ్గర్ ఆపేశాను. పదకొండు నిమిషాలు. పనయ్యాక మళ్లీ పెట్టేశాను.

ఆపిన సంగతి మాత్రం ఎక్కడా రాసుండదు. దాన్ని కూడా రాసిపెట్టే ఏర్పాటు ఎవరు చెయ్యాలి? నేనే కదా.

అవునక్కా. చెరిపింది నేను. మీరు కాదు.

ఎప్పట్నించి తెలుసనా? ...సోమవారం నించి. శుభ్రం చేసిన ముందురోజు బ్యాకప్, అదే రికార్డులన్నిటికీ తీసిపెట్టిన నకలు, తెరిచి చూశాను. మీ రెండు వాక్యాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇవాళ గురువారం. ఈ నాలుగు రోజులూ మీరు కారిడార్లో ఎదురైనప్పుడల్లా ఫోనొచ్చినట్టు చెవికి పెట్టుకున్నాను. నిన్న మీరు నా టేబుల్ మీద పెట్టి వెళ్లిన టీ వాష్ బేసిన్‌లో పారబోశాను. భయమేసిందక్కా, అంతే. ఇంకేదైనా మంచి కారణం దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

ఈ కాగితం మీద నేను సాక్షి సంతకం పెట్టను. చించేస్తున్నాను, చూడండి. ఏడవకండి... మీరేడిస్తే నేను మిగతాది చెప్పలేను.

ఉంది ఇంకా. ఇక్కడ బ్యాకప్‌లు నెలరోజులే ఉంటాయి. ఆ తర్వాత వాటంతటవే చెరిగిపోతాయి. మీ మాటలున్న ఆఖరి బ్యాకప్‌కి ఎల్లుండితో నెల నిండుతుంది. దాన్ని తీసి వేరేచోట దాచడం ఒక్క నిమిషం పని. దాచలేదు. సోమవారం నించీ శనివారం కోసమే చూస్తున్నాను. ఇవాళ మీరు ఈ గదిలోకి రాకపోతే, చూస్తూనే ఉండేవాణ్ణి.