పసుపునీళ్ళు పోసిన కారు

కీ అలా తిప్పుతూనే ఉండకమ్మా జ్యోతీ, ఉన్న కాస్త బ్యాటరీ కూడా పోద్ది. మెకానిక్ వచ్చేదాకా ఇలా మా అరుగు మీద కూర్చో. మీ నాన్న ఈ డొక్కు అంబాసిడర్ని ఎందుకు వదిలించుకోడో గానీ, దీన్ని చూస్తే నాకు మీ అమ్మే గుర్తొస్తుంది. పాపం పుష్పలత. తను పోయేనాటికి నీకింకా ఊహ సరిగ్గా రాలేదు, ఇదంతా నీకెవరు చెప్తారు? మీ నాయనమ్మ హయాంలో ఆడాళ్ళు బయట చేరితే మూడ్రోజులూ ఈ కారు షెడ్డులోనే ఉండాలి. కారుకేమో గచ్చు, మనిషికేమో గోనెపట్టా. ఒకసారి ముసురు పట్టి జల్లు లోపలికి కొట్టేస్తుంటే, మీ అమ్మ తలుపు తీసుకుని వెనకసీట్లో ముడుచుకు పడుకుంది. ఎవరైనా అదే కదా చేస్తారు? తెల్లారి మీ నాన్న కీ తిప్పితే కారు మూలిగి ఊరుకుంది. రావులపాలెం నుంచి ఏలీయా అనే మెకానిక్ వచ్చి, వానలకి కదపకుండా ఉంచేసేరండి, బ్యాటరీ దిగిపోయిందండి అన్నాడు. చార్జింగు పెట్టించి తెచ్చి బిగిస్తే, ఆయ్, చక్కగా స్టార్టయింది కూడా. మీ నాయనమ్మ వినదే! మైలపడ్డ కారు ఊరికే ఎలా బాగవుద్ది? ఏలీయా అటెళ్ళగానే బానెట్ ఎత్తించి, బిందెడు పసుపునీళ్ళు ఇంజను మీద కుమ్మరించింది. మీ నాన్నా? బానెట్ పట్టుకున్నదే ఆయన. బీకాం చదివేడు మరి.

మర్నాడు పొద్దున్నే జొన్నాడ నుంచి ఫోను. మీ అమ్మమ్మకి ప్రాణం మీదకొచ్చింది, పుష్పని చూడాలంటోంది అని. మీ అమ్మకి అప్పటికి నాలుగో రోజు. తలస్నానం చేసి, తడిజుట్టుతోనే సంచీ పట్టుకుని వాకిట్లో నిలబడింది. కారేమో కదల్దు. పాలేళ్ళు వీధి చివరిదాకా తోసేరు, వెనక్కి తోసేరు. నేను బస్సుకి పోతానండీ అంటే మీ నాన్న, ఇంట్లో కారుండగా మనింటి కోడలు బస్సు కోసం రోడ్డెక్కితే నలుగురూ ఏమనుకుంటారు, ఆగు అన్నాడు. మీ నాయనమ్మ పక్కనుంచి, మైల ఇంకా వదల్లేదని గొణుగుడు. అప్పుడంది మీ అమ్మ, గొంతు పెంచకుండా:

'ఈసారి నేనింకా ఎక్కలేదు కదండీ అత్తయ్యగారూ. మరెందుకు కదలట్లేదండీ?'

మీ నాన్న ఏలీయాకి కబురంపేడు. ఆవిణ్ణి మాత్రం బస్సుకి వెళ్ళనివ్వలేదు. ఏలీయా మళ్ళీ వచ్చి, ప్లగ్గులకి కరెంటు పంచే మూత విప్పితే లోపలంతా పసుపు బురద. తుడిచి ఆరబెట్టేసరికి పొద్దు వాలిపోయింది. జొన్నాడ వెళ్ళేసరికి, మళ్ళీ మబ్బు పట్టిందని మీ మేనమామలు శవాన్ని రేవుకి తీసుకుపోయేరు. ఆడాళ్ళు రేవుకి రాకూడదంట. మీ నాన్న కారు దిగి రేవుకెళ్ళేడు. కన్నకూతురు వెనకసీట్లో కూర్చుని, గట్టు అవతల పొగ...

లే, జ్యోతీ. రోడ్డు మీదకి పద. ఏదో ఒక ఆటో రాకపోదు.