లైన్ క్లియర్

ఆసుపత్రి వార్డులో పదకొండో మంచం మీద ముసలి లైన్‌మన్ కుడికాలు చాపుకుని కూర్చున్నాడు. మూడు నెలలుగా మానని అతని మడమ పుండుకు నర్సు, పక్కనున్న చిన్న కరెంటు మిషనుకు తగిలించిన రెండు తీగల పట్టీ అంటిస్తోంది.

"ఇదీ ఒక కరెంటేనా అమ్మాయ్? దీనికి దోమ కూడా చావదు. నన్ను పదకొండు వేల వోల్టులు కావలించుకుని, వీడితో వేగలేమని వదిలేసి పోయాయి, తెలుసా?"

"తెలుసు తాతా, నిన్న ఆరువేలే అన్నారు. పుండులో క్రిములు పాచిలా పేరుకుని మందుని లోపలికి దిగనివ్వడం లేదు. ఈ కరెంటు ఆ పాచిని వదులు చేస్తుందని ఆశ."

"ఆశేనా?"

"ఆశే. అందుకే పెద్ద డాక్టరుగారు ఈ కాగితం కూడా పంపారు. వారంలో తగ్గకపోతే పాదం తీసెయ్యాలి. సంతకం ఇప్పుడే పెట్టమన్నారు."

అతను కాగితం చదవకుండానే తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"స్తంభం ఎక్కేముందు మేం ఏం తీసుకుంటామో తెలుసా?"

"నిచ్చెన."

"నీ మొహం. లైన్ క్లియర్. కరెంటు ఆపేశాం, ఇక చెయ్యి పెట్టుకోమని సబ్‌స్టేషన్ వాళ్ళిచ్చే మాట. అది లేకుండా తీగ ముట్టుకున్నవాళ్ళని ముగ్గురిని ఈ భుజం మీదే మోశాను."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం? ఆయన కోప్పడతారు తాతా. ఏమని చెప్పను?"

నర్సు మీట నొక్కింది. మిషను మీద పచ్చదీపం వెలిగింది. అతను దాన్నే చూస్తూ అన్నాడు.

"లైన్లో కరెంటుందని చెప్పు. ఈ వారం నా కాలి మీద కత్తి కాదు కదా, కలం కూడా పెట్టడానికి లేదు. క్లియర్ ఇవ్వాల్సింది నేను. ఇవ్వను."